ఆరు గంటల జాబు, ఐదు నిమిషాల లెక్క

మార్చి మొదటి వారంలో మా మేనేజర్ నాకు ఒక చిన్న పని అప్పగించారు. చిన్నదేనని ఆయన అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మాది చిప్ డిజైన్ ఆఫీసు. నేను సర్వర్లు చూసుకుంటాను. మూడు టీములు కలిసి వాడుకునే పన్నెండు లినక్స్ మెషిన్లు ఉన్నాయి. కొత్త ఆర్థిక సంవత్సరంలో ఇంకో నాలుగు కొంటే ఆ ఖర్చు ఏ టీము ఖాతాలో ఎంత పడాలో తేలాలి. "జనవరి, ఫిబ్రవరిలో ఎవరు ఎంత సీపీయూ వాడారో ఒక షీటు చెయ్యి. వచ్చే వారం మీటింగులో పెడతాను" అన్నారు.

మా మెషిన్లలో ప్రాసెస్ అకౌంటింగ్ ముందునుంచే ఆన్ చేసి ఉంది. ఇంట్లో పాలు పోయించుకున్న రోజల్లా క్యాలెండర్‌లో గీత పెట్టుకుంటాం కదా, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ చేసేదీ దాదాపు అదే. ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, ముగిసిన ప్రతిసారీ పీఅక్ట్ అనే ఫైలు చివర ఒక రికార్డు రాస్తుంది. మొదలైన సమయం, మొత్తం ఎంతసేపు ఉంది, అందులో సీపీయూ మీద ఎంతసేపు నడిచింది, ఏ యూజర్ నంబరు, ఏ గ్రూపు నంబరు, ఎలా ముగిసింది, కమాండ్ పేరు ఏమిటి, అన్నీ కలిపి 64 బైట్లు. పేరుకు ఇచ్చిన చోటు 16 బైట్లే. చివరిది సున్నా కాబట్టి పదిహేను అక్షరాలకు మించి కనబడవు. కోటి ప్రాసెస్‌లు నడిస్తే ఫైలు 64 కోట్ల బైట్లు, అంటే 640 మెగాబైట్లు. రెండు నెలలకు మా దగ్గర అంతకన్నా చాలా ఎక్కువే పోగైంది.

ఈ ఫైళ్ళు చదవడానికి ఎస్ఏ, లాస్ట్‌కామ్ అనే కమాండ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఎస్ఏ యూజర్‌వారీగా మొత్తం చెబుతుంది. నాకు కావలసింది వారంవారీగా, టీమువారీగా. అందుకని పైథాన్‌లో నేనే రాసుకుందామని కూర్చున్నాను. పైథాన్‌తో పాటే వచ్చే స్ట్రక్ట్ అనే మాడ్యూల్ ఇలాంటి పనికి చక్కగా సరిపోతుంది. ఎన్ని బైట్లకు ఏ రకం విలువో వరసగా ఒక చిన్న ఫార్మాట్‌లో చెబితే చాలు, రికార్డును విడదీసి చేతికిస్తుంది. మొదటి రెండు ఒక్కో బైటు, తర్వాత రెండు బైట్ల టెర్మినల్ నంబరు, నాలుగేసి బైట్ల విలువలు ఆరు, గడిచిన సమయానికి ఒక ఫ్లోట్ (దశాంశ సంఖ్య), ఆ వెనక రెండేసి బైట్లవి ఎనిమిది, చివర పేరు. కూడితే సరిగ్గా 64. ఫైలంతా ఒకేసారి మెమరీలోకి లాగకుండా, 64కి గుణిజంగా ఉండే ముక్కలుగా చదివి, ఆ మాడ్యూల్‌లోనే ఉన్న ఇటర్ అన్‌ప్యాక్ అనే ఫంక్షన్‌కు ఇచ్చాను. పేర్లు చక్కగా వచ్చాయి, తేదీలు సరిపోయాయి. ఒక సాయంత్రంలో అయిపోయింది.

సీపీయూ సమయం సెకనులో వందో వంతు లెక్కన ఉంటుందని చదివాను కాబట్టి వందతో భాగించాను. టీములవారీగా కూడి, షీటు చేసి, మెయిల్ పెట్టేశాను.

షీటు ప్రకారం, చిప్ డిజైన్‌లో తప్పులు వెతికే వెరిఫికేషన్ టీము అందరికన్నా చాలా పైన ఉంది. అందులోనూ ఒక్క యూజర్. కర్నూలు నుంచి వచ్చిన అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. రోజూ రాత్రి 11కు ఆమె స్క్రిప్టు దాదాపు నాలుగు వందల టెస్టులు నడుపుతుంది. మీటింగులో ఆ షీటు స్క్రీన్ మీద పెట్టి, రాత్రి టెస్టులు సగానికి తగ్గించమని వాళ్ళ టీముకు చెప్పారట. మర్నాడు ఉదయం ఆమె నా సీటు దగ్గరికి వచ్చింది.

"అన్నా, నా టెస్టు ఒక్కోటి నిమిషం నడుస్తుంది అంతే. పక్క టీము వాళ్ళవి రాత్రంతా నడుస్తాయి. నాకన్నా వాళ్ళు తక్కువ వాడారంటే ఎలాగన్నా?"

గొంతు పెంచలేదు. కానీ కళ్ళలో నీళ్ళు ఆపుకుంటోందని తెలుస్తోంది. టెస్టులు సగం చేస్తే ఏ తప్పు దొరక్కుండా పోతుందోనని ఆమె భయం. ఆ తప్పు రేపు చిప్‌లోకి వెళ్తే అడిగేది ఆమెనే. చూసి చెబుతానమ్మా అన్నాను. చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

మధ్యాహ్నం ఆంధ్రా మెస్‌లో నెల్లూరు అన్న కలిశారు. ఆయన స్టోరేజ్ చూస్తారు, నాకన్నా పదేళ్ళు సీనియర్. సంగతంతా విని ఆయన రెండే ప్రశ్నలు అడిగారు. "నీ లెక్కలో అన్నిటికన్నా పెద్ద జాబు ఎంతసేపు నడిచింది? ఎస్ఏ చెప్పే మొత్తంతో నీ మొత్తం పోల్చావా?"

పోల్చలేదు. తిరిగొచ్చి రికార్డులన్నీ సీపీయూ సమయం ప్రకారం పెద్దవి ముందు వచ్చేలా పేర్చాను. రెండు నెలల్లో, పన్నెండు మెషిన్ల మీద, అన్నిటికన్నా పెద్ద జాబు దాదాపు 370 సెకన్లు. ఒక్కటి కూడా ఏడు నిమిషాలు చేరలేదు. అదే రికార్డులో పక్క గడిలో గడిచిన సమయం ఆరు గంటలని స్పష్టంగా ఉంది. నిజానికి మొదటి రోజే ఆ తేడా చూశాను. లైసెన్సు కోసమో డిస్కు కోసమో ఆగి ఉంటుందిలే అనుకుని వదిలేశాను. ఈ పని మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు అదే. తర్వాతి తప్పులన్నీ దాని వెంటే వచ్చాయి.

తెలిసిన జాబు ఒకటి నడిపి చూద్దామనుకున్నాను. సీపీయూను సరిగ్గా 200 సెకన్లు తినేసి ఆగిపోయే చిన్న పైథాన్ లూప్ రాశాను. అది ముగిశాక దాని రికార్డు తీస్తే నా స్క్రిప్టు దాదాపు 107 సెకన్లని చెప్పింది. లాస్ట్‌కామ్‌ను అడిగితే 200 అంది. అరవై సెకన్ల లూప్‌కు మాత్రం ఇద్దరూ 60 అన్నారు. అంటే చిన్న జాబుల దగ్గర నా లెక్క సరిగ్గా ఉంది, పెద్ద జాబుల దగ్గర చెడిపోతోంది.

అప్పుడు మాన్యువల్ పేజీ మళ్ళీ తెరిచి, ఈసారి ఒక్కో పదం ఆగి చదివాను. సీపీయూ సమయం ఉండే గడి రకం పేరు కాంప్ టీ. రెండు బైట్లే కానీ మామూలు పూర్ణాంకం కాదు. కింది 13 బిట్లలో ఒక సంఖ్య ఉంటుంది. దాన్ని ఎన్నిసార్లు ఎనిమిదితో గుణించాలో పై 3 బిట్లు చెబుతాయి. 1979లో వచ్చిన ఏడో ఎడిషన్ యూనిక్స్‌లోనే ఈ పద్ధతి ఉంది. పదహారు బిట్ల మెషిన్ల కాలం అది, ఒక్కో బైటూ లెక్కే. పెద్ద సంఖ్యను రెండు బైట్లలో ఇరికించడానికి కొంచెం కచ్చితత్వం వదులుకున్నారు. ఇన్నేళ్ళ తర్వాత మన లినక్స్ కెర్నల్ కూడా ఆ గడిని అలాగే రాస్తోంది.

ఇక లెక్క దానంతట అదే తేలిపోయింది. 13 బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 8191, అంటే 81.91 సెకన్లు. అంతవరకు పై బిట్లు సున్నా కాబట్టి మామూలు అంకెగా చదివినా సరైన జవాబే వస్తుంది. కర్నూలు అమ్మాయి టెస్టులన్నీ ఆ హద్దుకు లోపలే ఉన్నాయి. వాటిలో ఒక్క సెకను కూడా పోలేదు. సీపీయూ మీద ఆరు గంటలు నడిచిన జాబు సంగతి వేరు. సెకనులో వందో వంతును ఒక టిక్కు అనుకుంటే అది 21,60,000 టిక్కులు. మూడుసార్లు ఎనిమిదితో భాగిస్తే 4219 అవుతుంది, దాని మీద 3 అనే గుర్తు. ఆ రెంటినీ కలిపి మామూలు అంకెగా చదివితే 28,795, అంటే 288 సెకన్లు. ఆరు గంటల పని ఐదు నిమిషాలు కూడా కానట్టు కనబడింది. రెండు బైట్లను మామూలుగా చదివినంత కాలం ఏ జాబూ 655 సెకన్లు దాటి కనబడే వీలే లేదు. నా పట్టికలో 370 సెకన్లుగా ఉన్నది నిజానికి ఎనిమిది థ్రెడ్లతో, అంటే ఒకేసారి ఎనిమిది పాయలుగా, ఆరు గంటలు నడిచిన సిమ్యులేషన్. థ్రెడ్లన్నిటి సమయం ఆ ప్రాసెస్ రికార్డులోనే కలుస్తుంది కాబట్టి అది 48 గంటల సీపీయూ.

ఆమె రాత్రి పని మొత్తం కలిపినా ఆరు గంటల నలభై నిమిషాలు. అలాంటి ఒక్క సిమ్యులేషన్ దానికి ఏడు రెట్లు. నా షీటులో మాత్రం ఆమెది 24,000 సెకన్లు, దానిది 370.

మార్చింది మూడు లైన్లు. విలువను 8191తో అండ్ చేసి కింది భాగం తీసుకోవాలి. పై మూడు బిట్లను విడిగా తీసి, కింది భాగాన్ని ఆ సంఖ్యకు మూడు రెట్లన్ని బిట్లు ఎడమకు జరపాలి. తర్వాత వందతో భాగించాలి. యూజర్ సమయం, సిస్టమ్ సమయం, మెమరీ, అన్నీ ఇదే తీరులో ఉంటాయి. గడిచిన సమయం ఒక్కటే నేరుగా ఫ్లోట్. అందుకే అది మొదటినుంచీ సరిగ్గా ఉంది. ఇంకో జాగ్రత్త కూడా చేర్చాను. రికార్డులో రెండో బైటు వెర్షన్. అది 3 కాకపోతే స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. పాత రకం రికార్డు కూడా 64 బైట్లే, లోపలి గడుల వరస వేరు. పొడవు సరిపోయింది కదా అని చదివేస్తే ఏ ఎర్రరూ రాకుండా చెత్త అంకెలు వస్తాయి.

ఆ సాయంత్రం ప్రతి మెషిన్ మీదా ఎస్ఏ ఇచ్చిన యూజర్‌వారీ మొత్తాన్ని నా మొత్తం పక్కన పెట్టి చూశాను. నిమిషాల వరకు కలిసింది. మొదటి మెయిల్ ఎవరెవరికి వెళ్ళిందో వాళ్ళందరికీ మళ్ళీ రాశాను. "నిన్నటి షీటులో అంకెలు తప్పు. తప్పు నాది, వెరిఫికేషన్ టీముది కాదు" అని మొదటి వాక్యంలోనే పెట్టాను. ఆ తర్వాతే ఎలా జరిగిందో వివరించాను. మేనేజర్ ఫోన్ చేసి కాసేపు గట్టిగానే మాట్లాడారు. ఆయన కోపం న్యాయమైనదే. టెస్టులు తగ్గించమన్న మాట మాత్రం ఆ రాత్రికే వెనక్కి తీసుకున్నారు. ఆమె సీటు దగ్గరికి నేనే వెళ్ళి చెప్పాను. "ఆ 200 సెకన్ల లూప్ నాకూ ఇస్తావా అన్నా?" అని అడిగింది. ఇచ్చాను.

మిగతా చిక్కులు ఇంత బాధపెట్టలేదు. రికార్డు ప్రాసెస్ ముగిసినప్పుడే పడుతుంది కాబట్టి జనవరి 29న మొదలై ఫిబ్రవరి 2న ముగిసిన జాబు మొత్తం ఫిబ్రవరిలోకి వెళ్ళిపోయింది. అలాంటివాటిని ఆ రోజుల నిష్పత్తిలో రెండు నెలలకూ పంచాను. ఫిబ్రవరి ఆఖరుకు ఇంకా నడుస్తున్న వాటికి అసలు రికార్డే లేదు, వాటిని విడిగా రాసిపెట్టాను. రికార్డులో ఉండేది యూజర్ నంబరే, పేరు కాదు. జనవరిలో మానేసిన ఒకరి నంబరు ఫిబ్రవరిలో కొత్తగా చేరిన వ్యక్తికి వెళ్ళింది. తేదీలు చూడకుండా పేర్లు తగిలిస్తే కొత్తవాడు రాకముందే పని చేసినట్టు వచ్చింది. అకౌంట్లు తెరిచిన తేదీల పట్టికతో దాన్ని సరిచేశాను.

చివరిది మాత్రం సరిచేయగలిగేది కాదు. రెండు మెషిన్ల మీద ఫిబ్రవరి మూడో వారంలో మూడు రోజులకు ఒక్క రికార్డు కూడా లేదు. కెర్నల్ లాగ్‌లో వెతికితే ప్రాసెస్ అకౌంటింగ్ ఆగిందని, మళ్ళీ మొదలైందని రెండు లైన్లు దొరికాయి. ఆ ఫైలున్న డిస్కులో ఖాళీ 2 శాతానికి తగ్గితే కెర్నల్ రాయడం ఆపేస్తుంది. 4 శాతానికి చేరాకే మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ వారం డిస్కు నిండిపోయింది. ఎవరో పాత ఫైళ్ళు తీసేసేవరకు నడిచిన జాబులు ఎక్కడా నమోదు కాలేదు.

ఫైనాన్స్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ గడులు ఖాళీగా ఉంటే షీటు మొత్తం కూడటం లేదట, పక్క రోజుల సగటు వేసేయమన్నారు. వేయనని చెప్పాను. ఆ మూడు రోజులు వదిలేసి మిగతా రోజుల మీదే వాటా తీసే ఫార్ములా పెట్టి పంపాను. ఆ ఆరు గడుల్లోనూ "రికార్డు లేదు" అనే ఉంది.