ఏమీ మారలేదు కదా మేడమ్!

పదకొండు దాటింది. అత్తయ్యగారు ఇప్పటికే ఓసారి లేచొచ్చి "ఏటమ్మా, ఇంకా ఆ డబ్బా ముందేనా?" అని వెళ్లారు. నిద్ర పట్టడం లేదు. కారణం చెప్తే నవ్వుతారు. పొద్దున మీటింగులో నిన్న ఏం చేశారని అడిగితే, దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో బిల్లు లెక్కలోంచి పన్ను ముక్కను విడదీసి వేరే ఫంక్షన్‌లో, అంటే ఒకే పని చేసే విడి కోడ్ ముక్కలో పెట్టాను, కొన్ని పేర్లు మార్చాను అన్నాను. మా కొత్త మేనేజర్ నవ్వాడు. "అంటే స్క్రీన్ మీద ఏమీ మారలేదు కదా మేడమ్?" అన్నాడు. మిగతావాళ్లూ నవ్వారు. అందరి కెమెరాలూ ఆఫ్‌లో ఉన్నాయి, మైకులు మాత్రం ఆన్‌లోనే ఉన్నాయి.

ఏమీ మారకూడదనే కదా నాయనా అంత అవస్థ! రీఫ్యాక్టరింగ్ అంటేనే అది. 1992లో విలియం ఆప్‌డైక్ ఇల్లినాయ్ యూనివర్సిటీలో దీని మీద పీహెచ్‌డీ చేసినప్పుడూ, 1999లో మార్టిన్ ఫౌలర్ పుస్తకం వేసినప్పుడూ షరతు ఒక్కటే: లోపల ఎంత సర్దినా, ప్రోగ్రామ్ బయటికి చేసే పని మారకూడదు. ఈ జవాబు నాకు సాయంత్రం హనుమంతవాక సిగ్నల్ దగ్గర తట్టింది, ముందు లారీ, వెనక హారన్. అక్కడ తట్టి ఎవరికి లాభం?

ఆ బిల్లు లెక్క ఫంక్షన్ గురించి ఇక్కడ చాలాసార్లు ఏడ్చాను. వ్యాట్ రోజుల్లో పుట్టింది. 2017 జూలై 1న జీఎస్టీ వస్తే, పాతది తీయకుండా పక్కన ఒక ఇఫ్ ("ఇలా అయితే ఇలా చెయ్" అనే షరతు) తగిలించారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 12, 28 శాతం స్లాబులు చాలావరకు పోయి 5, 18 మిగిలితే, దానికి ఇంకో ఇఫ్. అడుగున ఆంధ్రా వ్యాట్ 14.5 శాతం ఇంకా అలాగే కూర్చుని ఉంది. ఎప్పటిదో బిల్లు మళ్లీ ప్రింట్ తీయమంటే కావాలేమోనని ఎవరూ ముట్టుకోరు.

అందుకే ముందు పాత బిల్లులు తీసుకుని, ఇప్పుడున్న కోడ్ ఏ అంకె ఇస్తే దాన్నే టెస్టుల్లో రాసి పెట్టుకున్నాను. అది తప్పా ఒప్పా అన్నది తర్వాతి మాట. ఒక చిన్న మార్పు, టెస్టులు నడపడం. పచ్చగా వస్తే కమిట్, అంటే ఏం మార్చానో ఒక ముక్క రాసి ఆ మార్పుని ఖాయం చేయడం; ఎర్రగా వస్తే వెనక్కి. నిన్న మధ్యాహ్నం ఎర్రగా వచ్చింది. ఒక్క పైసా తేడా! 33.30 రూపాయల వస్తువు మీద 5 శాతం ఒకేసారి లెక్కేస్తే 1.665, అంటే 1.67. కేంద్రానికి 2.5, రాష్ట్రానికి 2.5 అని విడివిడిగా లెక్కేస్తే 83.25 పైసలు చొప్పున వస్తుంది, సర్దితే 83, 83. మొత్తం 1.66. పాత కోడ్ విడివిడిగానే చేస్తోంది, కానీ చూసేవాళ్లకి ఆ ముక్క అనవసరంగా రెండుసార్లు రాసినట్టే ఉంటుంది. ఎవరైనా "శుభ్రం" చేద్దామని కలిపేస్తే, నెలాఖరుకి దుకాణాల అకౌంటెంట్లు ఫోన్లు చేస్తారు. నేనూ అలాగే కలిపేశాను, టెస్ట్ పట్టేసింది. ఒంటరిగా కూర్చుని కాసేపు సంబరపడ్డాను. ఇదేమైనా మీటింగులో చెప్పేదా?

హుద్‌హుద్ తుఫాను గుర్తొచ్చింది. విశాఖలో ఇదే ఋషికొండ, ఇదే కంపెనీ, ఇదే సాఫ్ట్‌వేర్. అప్పటి పెద్దలు పాతదంతా పక్కన పెట్టి మొదటి నుంచి రాద్దామన్నారు. ఏళ్ల తరబడి రాశాం. కొత్త డేటాబేస్, కొత్త స్క్రీన్లు, గోడ మీద పెద్ద చార్టు. డెమోల్లో చప్పట్లు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. తుఫాను వెళ్లాక కైలాసగిరి కాలినట్టు గోధుమరంగులో ఉంది. ఆఫీసుకి ఒక వైపు అద్దాలు లేవు. మా సీనియర్ గారు లుంగీ ఎగ్గట్టి, తడిసిన సీపీయూలు ఒక్కొక్కటీ మోసుకొచ్చి మెట్ల మీద ఎండకి పెట్టారు. పాలకి క్యూ, పెట్రోలుకి క్యూ, ఫోన్లు లేవు. కరెంటు వచ్చాక దుకాణాలవాళ్లు అడిగింది ఒక్కటే, ఉన్న ఒక్క కంప్యూటర్‌లో బిల్లు కొట్టే పాతది పెట్టిపొమ్మని. మేం పెట్టి వచ్చాం. కొత్తది ఆ చార్టు మీదే ఉండిపోయింది. గోడ ఆరాక చార్టు కూడా పోయింది.

ఈ కథ ఇన్నాళ్లూ "మొదటి నుంచి రాస్తే ఇంతే" అని జూనియర్లకి చెబుతూ వచ్చాను. ఇప్పుడు రాస్తుంటే అంత సూటిగా అనిపించడం లేదు. పాతది గెలిచింది గొప్పదై కాదు, అది దుకాణంలో ఉంది గనక. మా కొత్త కోడ్ పాతదానికన్నా నిజంగా బావుండేది. కాకపోతే మధ్యలో ఏ పూట ఆపినా దేనికీ పనికిరాదు. ఇప్పుడు చేస్తున్న ఈ తుక్కు పని ఏ సాయంత్రం ఆపేసినా, ఆ సాయంత్రానికి ఉన్నదాన్ని ఉన్నట్టు దుకాణానికి పంపొచ్చు.

మంచినీళ్లు తాగొచ్చాను. నిజం చెప్పాలంటే, ఆ అబ్బాయి నవ్వు తీసేస్తే మిగిలిన ప్రశ్న న్యాయమైనదే. ఏమీ మారకపోతే ఎందుకు చేస్తున్నట్టు? ఊరికే కోడ్ అందంగా ఉండాలని సర్దుతూ కూర్చునేవాళ్లూ ఉన్నారు, వాళ్లకి జీతం ఇవ్వాలంటే నాకూ చేతులు రావు. వచ్చే నెల కూపన్ల పని ఉంది. డిస్కౌంట్ పన్నుకి ముందు తగ్గాలి. పన్ను ముక్క విడిగా ఉంటే ఆ పని ఒక్కచోట అయిపోతుంది, లేకపోతే ప్రతి ఇఫ్‌లోనూ దూరాలి. ఇది చెప్పబోయాను కూడా. ఈలోగా "నెక్స్ట్" అన్నాడు. ప్రశ్న వేసినవాడు జవాబు వినాలా వద్దా? అదే నాకు మంట. పైగా ఆ "మేడమ్"లో ఒక సాగతీత ఉంది చూడండి, పెళ్లిలో పెద్దమ్మని కుర్చీలో కూర్చోబెట్టి అటు వెళ్లిపోయేటప్పుడు వాడతారు.

మా ఆయనకి చెప్తే "వదిలెయ్" అన్నారు. ఆయన ఏదైనా వదిలేస్తారు, గీజర్ స్విచ్‌తో సహా.

రేపు కూపన్ల పనికి ఇచ్చిన టికెట్ నంబరే కమిట్‌లో రాసేస్తాను, అడిగినవాళ్లు అక్కడ చదువుకుంటారు. ఆ కోడ్‌లోనే ఉన్న "అమౌంట్2" అనే పేరు సంగతి మాత్రం తేలలేదు. ఒకే పేరుని పైన డిస్కౌంట్ తీయకముందు మొత్తానికి వాడారు, కింద తీసేశాక వచ్చినదానికి వాడారు. పేరు మార్చి లాభం లేదు, ముందు దాన్ని రెండుగా విడగొట్టాలి. అదీ స్క్రీన్ మీద కనిపించదు.