నిత్య మాటపట్టుకు ముందు ఆత్మశోధన: నా అనుభవం

నేను కతోలిక సిస్టర్ని. జీవితాంతం మఠంలోనే ఉంటానని చేసే ప్రమాణం, అంటే నిత్య మాటపట్టు, దగ్గరపడింది. దానికి ముందుండే వడకం (మౌనంగా ప్రార్థనలో గడిపే రోజులు) ముగించుకుని మొన్ననే విశాఖ తిరిగొచ్చాను. ఫారాలు, బాప్తిస్మ సర్టిఫికెట్, డాక్టర్ పరీక్షలు ఇట్టే అయిపోయాయి. మౌనమూ నాకు కష్టం కాలేదు. ఆ విషయంలో నేను గట్టిదాన్నే.

రాత్రి ఆత్మశోధన దగ్గరే చిక్కొచ్చింది. పునీత ఇన్యాసివారి (ఇగ్నేషియస్ లొయోలా) పద్ధతి మాకు కొత్తేం కాదు: కృతజ్ఞత, వెలుగు కోసం ప్రార్థన, రోజంతా తిరిగి చూసుకోవడం, పశ్చాత్తాపం, రేపటి సంకల్పం. ఏళ్లుగా "కోపపడ్డాను" అని రాసి లైటు ఆర్పేసేదాన్ని. ఈసారి వడకం నడిపించిన ఫాదర్ వదల్లేదు. "ఎవరి మీదమ్మా? ఏ వేళకి? అంతకుముందు ఏం జరిగింది?" అని అడిగారు. తవ్వితే తేలింది. చెల్లి బిడ్డ బారసాల ఫోటో వాట్సాప్‌లో చూసిన మధ్యాహ్నమే వంటింట్లో సిస్టర్ మీద అరిచాను. అది కోపం కాదు, నాకు బిడ్డ లేదన్న దిగులు. బ్రహ్మచర్యం తీసుకున్నవాళ్లకి అలాంటివి ఉండవన్నట్టు అందరం నటిస్తాం. ప్రభువుకి ఉన్నదున్నట్టు చెప్పి ఏడ్చాను. రాసుకున్నాను కూడా.

మఠానికి వచ్చాక పెద్ద మదర్ భోజనాల గదిలో అందరి ముందూ, "నీ నోటుబుక్ ఇలా ఇవ్వు, ఎంత ఎదిగావో చూద్దాం" అన్నారు. సరిగ్గా ఆ పేజీయే తెరిచారు. పైకి చదివారు! "ఇవి మనసులో పెట్టుకుని నిత్య మాటపట్టు ఎలా చేస్తావు?" అన్నారు. స్పూన్ల చప్పుడు కూడా ఆగిపోయింది. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం రాస్‌హిల్ ఎక్కి మేరీమాతకి మదర్ గురించి చెప్పిన మాటలు ఇక్కడ రాయలేను.

తర్వాత ఫాదర్ ఫోన్లో చెప్పారు. 1983 శ్రీసభ చట్టం (కతోలిక చర్చి చట్టం) 630వ నియమం ప్రకారం మఠ సభ్యులు ఇష్టపడి పెద్దలకు మనసు విప్పి చెప్పుకోవచ్చు. పెద్దలు మాత్రం ఏ రకంగానూ వాళ్లచేత చెప్పించకూడదు. ఇన్నేళ్ల శిక్షణలో ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు, ఎందుకు చెబుతారు? సివిక్స్ టీచర్ని కదా, నియమం కాగితం మీద రాసుకుని వెళ్లి మదర్ ముందే చదివాను. నోటుబుక్ మారుమాట లేకుండా తిరిగొచ్చింది.

ఫిరంగి గుండు తగిలి 1521లో మంచాన పడ్డప్పుడే ఇన్యాసివారు ఏ ఆలోచన తర్వాత మనసు ఎండిపోతోందో, ఏది సంతోషాన్ని మిగులుస్తోందో గమనించారు. ఆయన్ని పుస్తకం చూపించమని ఎవరూ అడగలేదు మరి. మీరు మాత్రం వేళతో సహా రాసుకోండి, మీరు ఎంచుకున్న ఫాదర్‌కే చెప్పండి. పెద్దలు అడిగితే నవ్వి ఊరుకోండి.

నా అరుపులు పడ్డ సిస్టర్‌కి బారసాల ఫోటో చూపించి అసలు సంగతి చెప్పేశాను. ఆమె తన ఫోన్ తీసి మేనల్లుడి ఫోటోలు చూపించడం మొదలుపెట్టింది. గంట కొట్టినా ఆపలేదు.