‘స్కిన్ కలర్’ ఇవ్వమంటే ఏ రంగు ఇవ్వాలి?

"అమ్మా, ఆ స్కిన్ కలర్ ఇటివ్వు" అంది మా చిన్నది, తన బొమ్మ తనే వేసుకుంటూ. అది అడిగింది లేత గులాబీ ఛాయ ఉండే పీచ్ రంగు క్రేయాన్. దాని చేతికీ ఆ రంగుకీ ఎక్కడా పొంతన లేదు. బ్రౌన్ అందిస్తే వద్దంది.

తప్పు పిల్లలది కాదు. క్రేయోలా కంపెనీ ఆ పీచ్‌ని 1962 దాకా ‘ఫ్లెష్’ (ఒంటిరంగు) అనే పేరుతోనే అమ్మింది. ‘ఇండియన్ రెడ్’ అని ఇంకోటి ఉండేది. ఆ పేరు మన దేశపు ఎర్రమట్టి రంగు నుంచి వచ్చిందే. కానీ అమెరికా పిల్లలు అది అక్కడి మూలవాసుల (వాళ్ళనీ ‘ఇండియన్లు’ అంటారు) ఒంటిరంగు అనుకుంటున్నారని టీచర్లు చెప్పడంతో 1999లో దాన్ని ‘చెస్ట్‌నట్’గా మార్చారు. 2020లో 24 ఒంటిరంగులతో ‘కలర్స్ ఆఫ్ ద వరల్డ్’ పెట్టె వచ్చింది. అది కొనివ్వడం మంచిదే. అయినా విరిగిన క్రేయాన్లు కరిగించి ఇంట్లోనే ఆ రంగు చేస్తే, తన ఒంటిరంగులో పసుపు, ఎరుపు, నీలం అన్నీ ఉన్నాయని పిల్ల కళ్ళారా చూస్తుంది. వాలంటైన్స్ డేకి బళ్ళో పిల్లలు క్లాసంతటికీ పంచే చిన్న కానుకలుగా చాక్లెట్ల కన్నా ఇవే మేలు.

ముందు లెక్క చూసుకోండి. మామూలు క్రేయాన్ ఒకటి నాలుగైదు గ్రాములు తూగుతుంది. నాలుగు కరిగిస్తే అరచేతిలో ఇమిడే ఒక బిళ్ళ వస్తుంది. 24 మంది పిల్లలకు తలా ఒక్క బిళ్ళ చొప్పునే దాదాపు 100 క్రేయాన్లు కావాలి, రెండేసి ఇస్తే దానికి రెట్టింపు. కాబట్టి ఏడాది పొడుగునా ముక్కలు దాచాల్సిందే. ‘వాషబుల్’ అని రాసి ఉన్నవి వేరుగా పెట్టండి, మైనం క్రేయాన్లతో అవి సరిగ్గా కలవవు. హోటళ్ళలో పిల్లలకిచ్చే చవక రకాల్లో మైనం ఎక్కువ, రంగు తక్కువ. వాటివల్లే బిళ్ళ మీద తెల్లటి పొర కడుతుంది, ఆ వైపు ఎంత రుద్దినా కాగితం మీద రంగు పడదు.

కాగితం ఊడటానికి గోరువెచ్చని నీళ్ళలో ఒక పావుగంట నానబెడితే చాలు. వేడినీళ్ళు వద్దు, 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే క్రేయాన్ మెత్తబడిపోతుంది. తర్వాత ముక్కలు పూర్తిగా ఆరాలి. తడి ఉంటే కరిగేటప్పుడు చిటపటమని చిందుతుంది. ఈ ఒలిచే పని, రంగులు వేరుచేసే పని పిల్లలకే వదిలేయండి, ఇష్టంగా చేస్తారు.

ముక్కల్ని నేరుగా సిలికాన్ అచ్చుల్లో వేసి, ఓవెన్‌లో 250 ఫారన్‌హీట్ దగ్గర పది పదిహేను నిమిషాలు ఉంచడం అందరూ చేసే పద్ధతి. చారలచారలుగా అందంగా వస్తాయి. కానీ ఒంటిరంగు కావాలంటే అది పనికిరాదు, రంగులు విడివిడిగా మరకల్లా నిలుస్తాయి. గిన్నెలో అంగుళం ఎత్తు నీళ్ళు పోసి, సన్నని మంట మీద పెట్టి, అందులో ఖాళీ బీన్స్ రేకు డబ్బా నిలబెట్టి కరిగించాలి. డబ్బా అంచుని ముందే కాస్త నొక్కి మూతిలా చేసుకుంటే పోయడం సులువు. నేరుగా మంట మీద మాత్రం వద్దు. మైనం అంటుకుంటుంది, అంటుకున్న మైనం మీద నీళ్ళు పోస్తే మంట ఎగిసిపడుతుంది. కరిగిన మైనం చర్మానికి అతుక్కుని కాలుస్తుంది కాబట్టి పోసేది పెద్దవాళ్ళే.

చామనఛాయకి 12 క్రేయాన్ల లెక్కలో బ్రౌన్ 5, తెలుపు 3, ఆరెంజ్ 2, పసుపు 2తో మొదలుపెట్టండి. ఇంకా ముదురు కావాలంటే తెలుపు మానేసి బ్రౌన్ 8, ఆరెంజ్ 2, ఎరుపు 1, నీలం 1. నలుపు వేయాలనిపిస్తుంది, వేయకండి. కొంచెం ఎక్కువైనా జీవం పోయి బూడిదరంగు తేలుతుంది. ముదురుదనం తెచ్చేది నీలమే. కరిగి ఉన్నప్పుడు రంగు అసలుకన్నా ముదురుగా కనిపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. ఒక చుక్క కాగితం మీద వేసి, గట్టిపడ్డాక గీసి, ఆ గీత పక్కన పిల్ల చెయ్యి పెట్టి చూడండి. మా చిన్నది అక్కడ ఆగిపోయింది. అరచేతికి ఒక రంగు, చేతి వెనక ఒక రంగు, మోచేతికి ఇంకో రంగు అని తనే కనిపెట్టింది.

రంగుపొడి మైనం కన్నా బరువు, అడుగుకు దిగుతుంది. అందుకే ప్రతి అచ్చుకీ ముందు ఒకసారి పుల్లతో కలిపి పోయాలి. చల్లారేకొద్దీ నడుమ గుంట పడుతుంది, రెండు చెంచాల మైనం అట్టిపెట్టుకుని అది నింపండి. తొందరపడి వెంటనే ఫ్రీజర్‌లో పెడితే బీటలు వారతాయి. ముప్పావుగంట బయటే ఉంచి, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పది నిమిషాలు చాలు. ‘అ’, ‘ఆ’ల అచ్చులు ముచ్చటగానే ఉంటాయి కానీ సన్నని వంపుల దగ్గర తీసేటప్పుడే విరుగుతాయి. మందంగా ఉన్న గుండ్రని అచ్చు మంచిది. ఒకసారి మైనం పోసిన అచ్చు మళ్ళీ తిండికి వాడకూడదు. మిగిలిన మైనం సింకులో పారబోయకండి, వేడిగా ఉండగానే పేపర్ టవల్‌తో తుడిచేయండి. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి చిన్న బిళ్ళలు పంపొద్దు.

ఇంతవరకూ ధైర్యంగా చెప్పగలను. బిళ్ళలు వేసిచ్చే సంచి మీద ఆ రంగుకి ఏ పేరు రాయాలన్న దగ్గరే నాకు కాళ్ళాడవు. కొన్న పెట్టెలో పేర్లు ఇంగ్లీషు, స్పానిష్, ఫ్రెంచ్‌లలో ఉంటాయి. తెలుగులో మనమే రాసుకోవాలి. చామనఛాయ ఎంత చక్కని మాట! కానీ పెళ్ళి ప్రకటనల్లో, నలుపు అని చెప్పలేక అక్కడ వాడిన మాట కూడా అదే. "పిల్ల రంగు తక్కువైనా కళగా ఉంది" అని వీడియో కాల్‌లో పెద్దవాళ్ళంటే నవ్వి ఊరుకున్నాను. ఎండలో ఆడుతుంటే "నల్లబడతావు, లోపలికి రా" అన్న నోరు నాదే. కడుపుతో ఉన్నప్పుడు కుంకుమపువ్వు పాలు ఎందుకు ఇస్తున్నారో తెలిసే తాగాను. పీచ్ రంగు దాని చేతికి క్లాసులోనే వచ్చిందని ఇప్పుడు ఏ మొహంతో అనను?

బెల్లం, చింతపండు అని రాద్దామనుకున్నాను. మనిషి ఒంటిరంగుకి తినే వస్తువుల పేర్లేమిటని మళ్ళీ సందేహం. క్లాసులో మిగతా పిల్లలకి ఈ బిళ్ళలు పంచితే నా పిల్ల సంతోషంగా పంచుతుందా, లేక అందరి ముందూ తన రంగుని పట్టి చూపించినట్టు అవుతుందా? అదీ తెలియదు. ఏ రంగు బిళ్ళ ఎవరికి ఇవ్వాలో అది అడిగితే, ముఖాలు చూసి లెక్కపెట్టొద్దని, ప్రతి సంచిలో లేతదీ ముదురుదీ రెండూ వేయమని చెప్పాను. పేరు రాసే చోట ఒక గీత గీసి ఖాళీగా వదిలాం. తన సంచి మీద అది ఇంకా ఏమీ రాయలేదు. నేనూ అడగలేదు.