విడిపోయింది గుండె కణమేనా? ఎలుక పిల్లల గుండెతో నా రెండేళ్లు

మొదటిసారి ప్లేటును మైక్రోస్కోప్ కింద పెడితే ఏమీ కదల్లేదు. అన్నీ చచ్చి తేలుతున్నాయి. రెండోసారీ మూడోసారీ అంతే. నాలుగోసారి, మర్నాడు పొద్దున ఏడింటికి వెళ్లి చూస్తే ఓ మూల గుంపుగా అతుక్కున్న కణాలు టుక్కుటుక్కుమని ముడుచుకుంటున్నాయి. ల్యాబులో ఎవరూ లేరు. వీడియో తీసి ఒంగోల్లో ఉన్న అమ్మకు వాట్సాప్ చేశాను. "ఏంటే ఇది, ఎసరు కాగుతున్నట్టుంది" అంది.

అది ఎలుక పిల్ల గుండె. పుట్టి రెండు రోజులైనది. అంత చిన్నదే ఎందుకంటే, ఆ తర్వాత దాని కండర కణాలు ఒకటి రెండుగా విడిపోవడం దాదాపు మానేస్తాయి. 2011లో అమెరికాలోని డల్లాస్ పరిశోధకులు ఒక్కరోజు వయసున్న చిట్టెలుకల గుండె కొన కోసి చూశారు. మూడు వారాల్లో పూడుకుపోయింది. ఏడు రోజుల పిల్లల్లో అదే కోత మచ్చగా మిగిలింది. మనకూ అంతే. గట్టి గుండెపోటు వస్తే వంద కోట్ల దాకా కండర కణాలు పోతాయి, ఆ చోట మచ్చ కడుతుంది, కండరం తిరిగి రాదు. పెద్దయ్యాక కొత్త కణాలు అసలే పుట్టవని కాదు. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారంగా 2009లో స్వీడన్ వాళ్లు లెక్క తేల్చారు. పాతికేళ్ల వయసులో ఏడాదికి 1 శాతం, డెబ్భై అయిదేళ్లకు 0.45 శాతం. గుండెపోటు ముందు ఆ లెక్క ఏ మూలకు?

ఆ ఏడు రోజుల్లో ఏం మూసుకుపోతోందన్న వెతుకులాటలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు బయటపడ్డాయి. ఇరవై రెండు అక్షరాల పొడవుండే ముక్కలు. వాటి నుంచి ప్రొటీన్ తయారవదు, వేరే ఆర్‌ఎన్‌ఏలకు అతుక్కుని వాటి ప్రొటీన్‌ను తగ్గిస్తాయి, ఒక్కొక్కటీ వందల జన్యువుల మీద చెయ్యి వేయగలదు. పుట్టాక గుండెలో మిర్-195 (మిర్ అంటే మైక్రో ఆర్ఎన్ఏకు పొట్టిపేరు) పెరిగి విభజనకు అడ్డం పడుతుంది. అడ్డు తీసేవీ ఉన్నాయి. 2012లో ఇటలీలోని ట్రియెస్తేలో మౌరో జక్కా బృందం 875 మైక్రో ఆర్‌ఎన్‌ఏలను ఒక్కొక్కటిగా ఎలుక పిల్లల గుండె కణాల్లోకి పంపి చూసింది. 204 విభజనను పెంచాయి. చిట్టెలుకల్లో కూడా పనిచేసినవి 40. వాటిలో పేరు తెచ్చుకున్నవి మిర్-590, మిర్-199ఎ.

మా మేడమ్ నాకు ఇచ్చింది రెండోది. "ముందు మన చేతుల్లో పనిచేస్తుందో లేదో చూడు, ఆర్నెల్ల పని" అన్నారు. జంతు ప్రయోగాల కమిటీ అనుమతికే నాలుగు నెలలు పోయాయి.

ఇక పని. కందిగింజంత గుండెను కత్తెరతో ముక్కలు చేసి, 37 డిగ్రీల దగ్గర, కణాల్ని పట్టి ఉంచే జిగురును కరిగించే ఎంజైమ్ కొలాజినేజ్‌లో కదుపుతూ పది నిమిషాలకోసారి పైతేట తీసుకోవాలి. ఎక్కువసేపు ఉంచితే కణాలు చస్తాయి, తక్కువైతే ముక్క కరగదు. నా మొదటి మూడు ప్లేట్లూ ఎక్కువసేపు ఉంచడం వల్లే పోయాయి. వచ్చిన కణాల్లో కండరానివే కాదు, మచ్చ కట్టే ఫైబ్రోబ్లాస్టులూ బోలెడుంటాయి. ఖాళీ ప్లాస్టిక్ డిష్‌లో పోస్తే అవి ముందు అడుగున అతుక్కుంటాయి, కండర కణాలు తేలుతుంటాయి. వాటిని తీసి వేరే ప్లేట్లో వేసుకోవాలి. దీన్నే ప్రీప్లేటింగ్ అంటారు. గంట సేపు ఉంచాలి. రాత్రి పదింటికి హాస్టల్ మెస్ మూసేస్తారు కాబట్టి నేను ముప్పావు గంటే ఉంచేదాన్ని.

ఫలితం అదిరిపోయింది. కొత్తగా డీఎన్‌ఏ తయారుచేసే న్యూక్లియస్‌లలోకి ఇడియు అనే రసాయనం చేరుతుంది, రంగు వేస్తే ఆకుపచ్చగా మెరుస్తుంది. గుండె కండర కణాల్ని గుర్తుపట్టడానికి వాటిలోని ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌కు ఎరుపు వేస్తాం. మిర్-199ఎ వేసిన ప్లేట్లలో ఆకుపచ్చ మూడింతలు. ల్యాబ్ మీటింగ్‌లో చూపిస్తుంటే మా సీనియర్ అన్న వెనక నుంచి, "ఏమ్మా, ఆ ఆకుపచ్చవన్నీ గుండె కణాలేనా?" అన్నాడు. ట్రోపోనిన్ ఎరుపు పక్కనే ఉందన్నా అన్నాను. "పక్కనుంటే చాలదు, లోపలుండాలి" అన్నాడు.

ఆ రాత్రి, కణాల్ని పొరలుగా చూపించే కాన్ఫోకల్ మైక్రోస్కోప్ దగ్గర కూర్చుని పొరపొరా విడదీసి చూశాను. సగానికి పైగా ఆకుపచ్చ న్యూక్లియస్‌లు ఎర్ర కణాల కింద నక్కిన ఫైబ్రోబ్లాస్టులవి. మచ్చ కట్టేవాటిని లెక్కపెట్టి గుండె బాగవుతోందని చెప్పానన్నమాట. మూడు నెలల పని.

మామూలుగా ఫైబ్రోబ్లాస్టుల్ని ఆపడానికి అరా-సి అనే మందు కలుపుతారు. నాకు ఆ దారి లేదు. అది విభజననే ఆపుతుంది, నేను కొలవాల్సింది విభజననే. కాబట్టి ప్రీప్లేటింగ్ రెండుసార్లు, గంట గంట. రాత్రి మెస్ భోజనం వదిలేశాను. ఫైళ్ల పేర్లు అన్న మార్చి ఇచ్చేవాడు, ఏ ప్లేటు దేనిదో తెలియకుండా లెక్కపెట్టేదాన్ని. పోలికకు వాడిన మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఓ నులిపురుగుది, ఎలుకలో దానికి జోడీ ఉండదు. అసలీ శాస్త్రం మొదలైందే ఆ పురుగులో, 1993లో. శాస్త్రవేత్తలు ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు దానికే 2024 నోబెల్. అక్టోబర్ 7 మధ్యాహ్నం ఆ వార్త వచ్చేసరికి నేను లెక్కపెడుతూనే ఉన్నాను. సమోసాలు తెప్పించారు.

అంతటితో అయిపోలేదు. డీఎన్‌ఏ రెట్టింపైతే కణం రెండైనట్టు కాదు. గుండె కణాలు న్యూక్లియస్‌ను మాత్రం రెండు చేసుకుని విడిపోకుండా ఆగిపోగలవు. నిజంగా విడిపోతుంటే నడుమ దగ్గర అరోరా-బి అనే ప్రొటీన్ సన్నటి చుక్కలా మెరవాలి. దాని కోసం కణాలు పెంచిన ఒక్కో కవర్‌స్లిప్పు (పల్చటి గాజు ముక్క) అంగుళం అంగుళం వెతికాను. దొరికిన రోజు ఒకటి, లేని రోజు లేదు. చివరికి మిర్-199ఎ వైపు తొమ్మిది, పురుగు వైపు రెండు. ఇడియు తేడా మూడింతల నుంచి సుమారు ఒకటిన్నరకు దిగింది. నాకు నమ్మకమున్నది ఈ రెండో అంకె మీదే.

2019 పంది పేపరు ఆ రోజుల్లోనే మళ్లీ చదివాను. జక్కా బృందందే. గుండెపోటు తెప్పించిన పందులకు వైరస్ ద్వారా మిర్-199ఎ ఇచ్చారు. నెల తిరిగేసరికి మచ్చ తగ్గింది, గుండె గట్టిగా కొట్టింది. ఆ తర్వాత చాలా పందులు గుండె లయ తప్పి హఠాత్తుగా చచ్చిపోయాయి. వైరస్ దాన్ని తయారుచేస్తూనే ఉంది, ఆపే స్విచ్చి లేదు. ఆ చావుల్ని దాచకుండా రాశారు కాబట్టే ఆ పేపరంటే నాకు గౌరవం. కొద్దిరోజులే ఉండి పోయే కృత్రిమ ముక్కల్ని ఒక్క డోసుగా ఇవ్వడం మీద నా ఆశ. చిట్టెలుకల్లో 2017లోనే అది మేలు చేసింది.

స్టెంట్ వేయించుకున్న మా మామయ్య ప్రతి పండక్కీ అడుగుతాడు, "మందు ఎప్పుడొస్తుందమ్మా?" అని. మనుషుల దాకా వెళ్లిన మందుల్లో ఒకటి మిర్-132 అనే మరో మైక్రో ఆర్‌ఎన్‌ఏను అణిచేది, మొదట 28 మంది గుండె వైఫల్య రోగుల్లో చూశారు. అది కూడా కొత్త కణాలు పుట్టించడానికి కాదు. అదంతా చెప్పబోతే, "అంటే ఇప్పట్లో లేదన్నమాట" అన్నాడు. అవును, ఉన్న మాత్రలు మానకు అన్నాను.

థీసిస్ ఇచ్చేశాను. ప్లేట్లు ఇప్పుడు కొత్తగా చేరిన తమ్ముడి చేతుల్లో ఉన్నాయి. ప్రీప్లేటింగ్ రెండుసార్లు చెయ్యమని రాసిచ్చాను. మొదటి వారం ఒక్కసారే చేశాడు. మెస్ టైమట.