పరలోకంలో కూలి లెక్క

నేను పనిచేసే కేర్ హోమ్ (వృద్ధులను చూసుకునే చోటు) ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో ఉంది. నైట్ డ్యూటీలో రౌండ్లు అయ్యాక తెల్లారేదాకా మేలుకుని ఉండాలి కదా, అలా చదవడం మొదలుపెట్టిందే "పెర్ల్" (అంటే ముత్యం) అనే కావ్యం. పద్నాలుగో శతాబ్దం చివర్లో, పేరు కూడా మిగలని కవి ఒకాయన ఈ చుట్టుపక్కల యాసలోనే రాశాడంటారు, 1212 పంక్తులు. నేను చదివింది ఇప్పటి ఇంగ్లీషులోకి మార్చినది లెండి, అసలుది నా వల్ల కాదు.

పోయిన ముత్యం కోసం ఏడ్చి ఏడ్చి ఒకాయన తోటలో మట్టిదిబ్బ మీదే నిద్రపోతాడు. కలలో ఏరు, అవతలి గట్టున తెల్లబట్టల్లో, ఒంటి నిండా ముత్యాలతో ఒక అమ్మాయి. ఆయన పోగొట్టుకున్న ముత్యం ఆమే, రెండేళ్ళు నిండకుండానే పోయిన పిల్ల. కూతురని కవి నోరు తెరిచి చెప్పడు గానీ మనకు అర్థమైపోతుంది. వైతరణి గురించి విని పెరిగిన వాళ్ళం కాబట్టి ఏరు మనకు కొత్త కాదు, కాకపోతే ఈ ఏటి అడుగున చీమూ నెత్తురూ ఉండవు, రత్నాలు మెరుస్తుంటాయి.

నేనిక్కడ రాణిని అని పిల్ల అనగానే ఆయన మురిసిపోవాలా? లెక్క అడుగుతాడు! నీకు ప్రార్థన చేయడం కూడా రాదు, వచ్చిన మొదటి రోజే రాణి ఎలా అయ్యావు, ఏ జమీందారిణో అన్నా సరిపెట్టుకుందును అంటాడు. దానికి ఆమె మత్తయి సువార్తలోని ద్రాక్షతోట కథ చెబుతుంది: పొద్దున్నే దిగిన కూలీకీ పొద్దుగూకే వేళ వచ్చినవాడికీ ఒకటే కూలి. ఇదేం న్యాయం అంటాడాయన. సరిగ్గా మా స్టాఫ్ రూమ్ గొడవే, చివరి నిమిషంలో ఏజెన్సీ పంపిన తాత్కాలిక సిబ్బందికి గంటకు మాకన్నా ఎక్కువ ఇస్తున్నారని తెలిసిన రోజున.

కానీ పోయిన మనిషి గురించి లెక్కలు ఎందుకు తీస్తారో ఇక్కడ పనిచేస్తే తెలుస్తుంది. తల్లి పోయిన మర్నాడు వచ్చిన కొడుకు ఆమె స్వెటర్ లాండ్రీలో పోయిందని అరగంట పోట్లాడతాడు. పోట్లాడినంతసేపూ అతను తల్లి గదిలోనే ఉండొచ్చు కదా.

పిల్ల మాత్రం ఒక్క మెట్టు దిగదు, కన్నతండ్రిని 'సర్' అంటుంది. నాకు ఆమె మీద కాస్త కోపమే వచ్చింది. ఎంత చెప్పినా వినకుండా ఆయన చివరికి ఏట్లోకి దూకబోతాడు, అంతే, మెలకువ వచ్చేస్తుంది. దేవుడి ఇష్టానికి లోబడుతున్నానని తర్వాత అంటాడు గానీ, నాకైతే నమ్మకం కుదరలేదు.