సోమవారం: వారానికి సరిపడా వీడియోలు

ఈ వారం ముగ్గురు క్లయింట్లకి కలిపి యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వేయాల్సినవి 14 వీడియోలు. ఎక్కించేది స్క్రిప్టు, అంటే ఆ పని తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రాము. అన్నీ ఈరోజే వరసలో పెట్టేస్తే మిగతా రోజులు ఎడిటింగ్‌కి మిగులుతాయి.

పొద్దున ముందు తెరిచేది షీటే. వీడియోకి ఒక వరస: ఫైల్ పేరు, ఖాతా, శీర్షిక, వివరణ, తేదీ, సమయం, టైమ్‌జోన్, స్థితి, లింకు. అన్నిటికీ ప్రాణం స్థితి గడిలోనే ఉంది. సిద్ధం, వెళ్తోంది, ఎక్కింది, కనబడింది. ఈ నాలుగు మాటలు చాలు. అప్‌లోడ్ మొదలుపెట్టే ముందే స్క్రిప్టు అక్కడ "వెళ్తోంది" అని రాసేయాలి. మధ్యలో నెట్ పోయిందంటే వీడియో అవతల చేరిందో లేదో మనకి తెలియదు. గడిలో ఇంకా "సిద్ధం" అనే ఉంటే తర్వాతి రన్‌లో అదే వీడియో రెండోసారి ఎక్కేస్తుంది. అందుకే "వెళ్తోంది" దగ్గర ఆగిన వరసని స్క్రిప్టు ముట్టుకోకూడదు. మనిషే ఛానెల్లోకి వెళ్లి చూసి సరిచేయాలి.

తర్వాత ఫైళ్లు. క్లయింటు వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నలిగిపోయి వస్తుంది, డాక్యుమెంటుగా పంపమనాలి. అన్నిటినీ ఒకేసారి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోంచి (వీడియో రూపం మార్చే ప్రోగ్రాము) తీస్తే మంచిది: హెచ్.264 వీడియో, 1080 బై 1920 పిక్సెళ్లు, సెకనుకి 30 ఫ్రేములు, ఏఏసీ ఆడియో, వైయూవీ 420పీ రంగు, ఫాస్ట్‌స్టార్ట్. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. ఎంపీ4 ఫైల్లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక మామూలుగా చివర్లో ఉంటుంది. ఫాస్ట్‌స్టార్ట్ దాన్ని ముందుకి తెస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కి అది ముందే ఉండాలి.

యూట్యూబ్ పని తేలిక. వీడియోని ప్రైవేటుగా ఎక్కించి పబ్లిష్ సమయం ఇస్తే, ఆ వేళకి అదే బయటికి వస్తుంది. సమయం పొరపాటున గడిచిపోయినదైతే మాత్రం వీడియో అప్పటికప్పుడే అందరికీ కనబడిపోతుంది. కాబట్టి పంపే ముందు స్క్రిప్టులో ఒక షరతు: సమయం ఇప్పటినుంచి కనీసం గంట తర్వాతది అయి ఉండాలి, లేకపోతే ఆ వరస ఆపేయాలి. ఇంకోటి, వివరణకి హద్దు 5000 బైట్లు, అక్షరాలు కావు. తెలుగులో అచ్చు, హల్లు, గుణింతం గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు తింటాయి. "తెలుగు" అన్న ఒక్క మాటకే 18. ఇంగ్లీషులో హాయిగా పట్టే పొడవు తెలుగులో మూడో వంతు దగ్గరే నిండిపోతుంది. లెక్క బైట్లలోనే వేయాలి.

ఇన్‌స్టాగ్రామ్ దారి వేరు. ఏపీఐ (స్క్రిప్టు ఇన్‌స్టాగ్రామ్‌తో మాట్లాడే దారి) ఫలానా వేళకి వేయమంటే వేయదు, ఆ వేళకి మనమే పిలవాలి. ఖాతా ప్రొఫెషనల్‌ది కావాలి. ముందు కంటైనర్ (పోస్టు కాకముందు వీడియో, వివరణ ఉండే డబ్బా లాంటిది) చేయాలి, అది "ఫినిష్డ్" అనేదాకా నిమిషానికోసారి అడుగుతూ ఉండాలి, ఆ తర్వాతే పబ్లిష్. కంటైనర్ ఆయుష్షు 24 గంటలు. వారానికి సరిపడా సోమవారమే చేసిపెట్టుకుంటే మంగళవారానికల్లా చెల్లిపోతాయి. పోస్టు వేళకి 15 నిమిషాల ముందు క్రాన్ (చెప్పిన వేళకి ప్రోగ్రాముని నడిపేది) స్క్రిప్టుని లేపడం సరైన పద్ధతి. అదీ ల్యాప్‌టాప్‌లో కాదు, చిన్న సర్వర్లో; మూతేసిన ల్యాప్‌టాప్‌లో క్రాన్ కూడా నిద్రపోతుంది. వీడియోకి నేరుగా ఫైలు లింకే ఇవ్వాలి. డ్రైవ్ షేరింగ్ లింకు తెరిస్తే వచ్చేది ఒక పేజీ, వీడియో కాదు.

సమయం గురించి ఎంత చెప్పినా తక్కువే. సర్వర్ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) నడుస్తుంది, క్లయింటు తన ఊరి గడియారంతో మాట్లాడతారు. న్యూయార్క్ చలికాలంలో యూటీసీకి 5 గంటలు వెనక, ఎండాకాలంలో 4. షీట్‌లో "మైనస్ 5" అని రాసుకుంటే మార్చిలో అక్కడి గడియారం మారగానే పోస్టులన్నీ గంట ఆలస్యమవుతాయి. జోన్ పేరే రాయాలి, లెక్క స్క్రిప్టు వాడే టైమ్‌జోన్ లైబ్రరీకి (సిద్ధంగా దొరికే కోడ్) వదిలేయాలి.

టోకెన్లకి, అంటే క్లయింటు ఖాతాలోకి వెళ్లడానికి స్క్రిప్టుకి ఇచ్చే తాళంచెవులకి, షీట్‌లో వేరే పేజీ. గూగుల్ ప్రాజెక్టు (యూట్యూబ్ ఏపీఐ వాడుకోవడానికి గూగుల్‌లో నమోదు చేసేది) టెస్టింగ్ స్థితిలోనే ఉంటే రిఫ్రెష్ టోకెన్ 7 రోజుల్లో చచ్చిపోతుంది. మొదటి వారం అన్నీ బాగా నడిచి రెండో వారం ఆగిపోయిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇన్‌స్టాగ్రామ్ దీర్ఘకాల టోకెన్‌కి 60 రోజులు. గడువు దాటాక రెన్యూ కుదరదు, క్లయింటుతో మళ్లీ లాగిన్ చేయించాలి. 45వ రోజున గుర్తు చేసేలా పెట్టుకోవడం మంచిది.

ఇంతా చేశాక, ఒక్క ఛానెల్‌కి వారానికి రెండు వీడియోలే అయితే ఇదంతా అక్కర్లేదు. యూట్యూబ్ స్టూడియో, మెటా బిజినెస్ సూట్‌లలో చేత్తో పెట్టుకుంటే పావుగంట పని.

సాయంత్రం మొదటి పోస్టు వేళకి లాగిన్ లేని బ్రౌజర్లో లింకు తెరిచి చూడాలి. ఏపీఐ సరేనంది కదా అని ఊరుకోకూడదు. యూట్యూబ్ తనిఖీ (ఆడిటు) కాని ప్రాజెక్టు నుంచి ఎక్కిన వీడియోల్ని యూట్యూబ్ ప్రైవేటులోనే ఉంచేస్తుంది, మన లాగిన్‌లోంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. బొమ్మ, శబ్దం, శీర్షిక ముగ్గురు క్లయింట్లకీ సరిగ్గా ఉంటేనే గడిలో "కనబడింది".

శుక్రవారం వరస ఒక్కటి మిగిలింది. వివరణ క్లయింటు నుంచి రావాలి. స్థితి గడి ఖాళీగా ఉంది కాబట్టి స్క్రిప్టు దాని జోలికి పోదు.