కరెంటు పోయిన అరగంట

ఈ రోజు కూడా ఐదున్నరకే లేచి, ట్రాన్సిస్టరును కిటికీ పక్కనున్న స్టూలు మీద పెట్టి, దాని ఇయర్‌ఫోను రంధ్రం నుంచి లాప్‌టాప్‌కు తీగ కలిపి, ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరు తెరిచి కూర్చున్నాను. మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చే ఆకాశవాణి విజయవాడ కేంద్రానికి మా తెనాలి దూరమేమీ కాదు. అడ్డమల్లా ఇంట్లోనే ఉంది. ఎల్‌ఈడీ బల్బు వేస్తే సన్నని రొద, ఫోను ఛార్జరు పెడితే బుర్రుమనే మోత, మిక్సీ తిప్పితే ఇక చెప్పనక్కరలేదు. రేడియో లోపల తరంగాలను పట్టే ఏరియల్ అయిన ఫెర్రైటు కడ్డీ కొస రొద వచ్చే దిక్కుకు తిరిగితే ఆ మోత చాలావరకు అణుగుతుంది కనుక, ఆ కోణం దొరికినప్పుడు స్టూలు మీద సుద్దముక్కతో గీత గీసి పెట్టుకుంటాను; మా ఆవిడ శుక్రవారం ఇల్లు కడిగేటప్పుడు దాన్ని శుభ్రంగా తుడిచేస్తుంది.

బాలాంత్రపు రజనీకాంతరావు గారి చేతుల మీదుగా విజయవాడ కేంద్రంలో రూపు దిద్దుకున్న భక్తిగీతాల కార్యక్రమం భక్తిరంజని మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. మా ఇన్వర్టరు బ్యాటరీ గత నెలలోనే పాడైంది. అయినా రేడియో సెల్లుల మీద, లాప్‌టాప్ తన బ్యాటరీ మీద నడుస్తున్నందువల్ల రికార్డింగు ఆగలేదు. ఆగకపోగా, వీధి వీధంతా బల్బులూ ఛార్జర్లూ ఒక్కసారిగా ఊరుకోవడంతో, ఇన్నాళ్లూ రొద అడుగున ఉండిపోయిన తంబురా శ్రుతి, పాడే ఆవిడ చరణానికీ చరణానికీ మధ్య తీసుకునే ఊపిరితో సహా, వినిపించసాగింది. తెర మీద పాటకూ పాటకూ మధ్య గీత దారంలా సన్నబడింది.

అంతలో టప్, టప్, టప్, టప్ అని నాలుగు చప్పుళ్లు. వంటింట్లో మా ఆవిడ కాఫీ కోసం గ్యాస్ లైటరు నొక్కుతోంది. మీడియం వేవ్‌లో ధ్వని, తరంగం ఎత్తుపల్లాల రూపంలో ప్రయాణిస్తుంది కాబట్టి, ఏ చిన్న నిప్పురవ్వ పుట్టినా అది కూడా ఆ ఎత్తుపల్లాల్లో ఒకటై లోపలికి దూరిపోతుంది. ఆ వెంటనే "ఏమండీ, పాలు విరిగినట్టున్నాయి" అన్న ఆమె మాట మాత్రం తీగ దారిన పోయే రికార్డింగులో పడలేదు.

నాన్నగారి కాలంలో ఇది తలకిందులుగా ఉండేది. 1980ల్లో ఆయన టేప్‌రికార్డరు మైకును రేడియో ముందు నిలబెట్టి, నోటి మీద వేలు వేసుకొని మమ్మల్నందరినీ బొమ్మల్లా కూర్చోబెట్టేవారు. 60 నిమిషాల క్యాసెట్టు ఒక పక్క అరగంటే గనుక, నాటకం మంచి పట్టు మీద ఉండగా దాన్ని తిప్పి వేసే లోపల రెండు మూడు మాటలు పోయేవి. ఆ క్యాసెట్లను 2005 ప్రాంతంలో నేను సీడీలకు ఎక్కించాను. ఇప్పుడు వాటిలో సగం సీడీలు చదవడం లేదు, క్యాసెట్లేమో బూజు పట్టినా పాడుతున్నాయి! ఒక దానిలో, "ఇయమ్ ఆకాశవాణీ" అని సంస్కృత వార్తలు మొదలవుతుండగా, "పాలవాడు వచ్చాడా?" అని అమ్మ అడుగుతుంది. నాన్నగారు "ష్" అంటారు. అమ్మ గొంతు మాకు మిగిలింది ఆ రెండు మాటల్లోనే. ఆ రోజు వార్తలేమిటో ఎన్నిసార్లు విన్నా నాకు గుర్తుండదు.

ఆరున్నర దాటాక కరెంటు వచ్చింది, దానితోపాటే మోతా వచ్చింది. ఒకే ఛానెల్‌లో, 16 బిట్లలో నిమిషానికి ఐదు మెగాబైట్ల పైచిలుకు చొప్పున, శుభ్రంగా ఉన్న అరగంట నూట అరవై మెగాబైట్ల దాకా తేలింది. ఆడాసిటీలో ఇలాంటి టప్పులను ఏరివేసే సాధనం ఒకటుంది. ఆ నాలుగింటినీ గుర్తు పెట్టి తీసేశాను, ఒకసారి విన్నాను, మళ్లీ వెనక్కి తెచ్చాను. తేదీ వేసి, పక్కన "కరెంటు లేదు, లైటరు ఉంది" అని పేరు పెట్టి దాచాను. కాఫీ పాలపొడితో వచ్చింది. సాయంత్రం బజారుకు వెళ్లినప్పుడు రేడియోకు సెల్లులు తేవాలి.